లెక్క ఎవరికి చెప్పాలి? అభివృద్ధి సహాయంలో సుపరిపాలన



ఈ రోజు మనం చర్చించవలసిన విషయం పేరు వినగానే అది మనకు సంబంధించినది కాదని చాలామందికి అనిపిస్తుంది. అంతర్జాతీయ అభివృద్ధి సహాయమంటే వాషింగ్టన్‌లోనో జెనీవాలోనో జరిగే వ్యవహారమనీ, సుపరిపాలన అంటే సచివాలయంలో అధికారులు వల్లించే మాట అనీ మనలో ఒక భావన పాతుకుపోయింది. అయితే ఈ రెండూ కలిసే చోటనే ఒక పేద దేశంలోని బలహీన వర్గానికి బడి, ఆసుపత్రి, తాగునీరు అందేదీ లేనిదీ నిర్ణయమవుతుంది. ఒక్కొక్కసారి ఆ వర్గం అసలు లెక్కలోకి వచ్చేదీ రానిదీ కూడా అక్కడే తేలిపోతుంది. మైనారిటీల హక్కుల గురించి మాట్లాడుకునే మనం ఈ విషయాన్ని పక్కన పెట్టడానికి వీలులేదు.

మన ముందున్న ప్రశ్న ఒక్కటే. సహాయం పుచ్చుకున్న ప్రభుత్వం లెక్క ఎవరికి చెప్పాలి? డబ్బు ఇచ్చినవారికా, ఎవరి పేరు మీద ఆ డబ్బు వచ్చిందో ఆ ప్రజలకా? గడచిన మూడున్నర దశాబ్దాల సహాయ విధానం ప్రధానంగా మొదటి జవాబునే ఎంచుకున్నది. ఆ ఎంపిక ఫలితాలను మనం ఇప్పుడు పరిశీలిద్దాం.

సుపరిపాలన అనే మాట సహాయ విధానంలోకి ఎప్పుడు వచ్చింది? ప్రచ్ఛన్న యుద్ధం సాగినంత కాలం అగ్రరాజ్యాలకు ఈ ప్రశ్న పెద్దగా అవసరం కాలేదు. జైర్ దేశాన్ని 1965 నుంచి 1997 వరకు ఏలిన మొబుటు ప్రజాధనాన్ని సొంత ఆస్తిగా వాడుకుంటున్నాడని లోకమంతటికీ తెలుసు. అయినా అతడు సోవియట్ వ్యతిరేక శిబిరంలో ఉన్నందువల్ల పాశ్చాత్య సహాయం దశాబ్దాలపాటు అతనికి అందుతూనే వచ్చింది. ఆ యుద్ధం ముగింపుకు వస్తున్న 1989లో ప్రపంచ బ్యాంకు సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాల మీద ఒక నివేదిక వెలువరించింది. అక్కడి ఆర్థిక దుస్థితి వెనుక పరిపాలనా సంక్షోభం ఉన్నదని అందులో పేర్కొన్నది. 1992లో పరిపాలనకూ అభివృద్ధికీ గల సంబంధం మీద ప్రత్యేకంగా మరొక పత్రాన్ని ప్రచురించింది. అప్పటి నుంచి ఈ మాట దాత దేశాల నిఘంటువులో స్థిరపడిపోయింది.

ఆ మాటను ఎంచుకోవడంలో ఒక కారణం ఉన్నది. సభ్య దేశాల రాజకీయ వ్యవహారాలలో జోక్యం చేసుకోరాదనీ, ఆర్థిక అంశాలను మాత్రమే చూడాలనీ ప్రపంచ బ్యాంకు వ్యవస్థాపక ఒప్పందం శాసిస్తుంది. ప్రజాస్వామ్యం, పౌరహక్కులు, మైనారిటీల రక్షణ అన్న మాటలు నోట వస్తే అది రాజకీయమవుతుంది. పద్దుల నిర్వహణ, కొనుగోళ్ల నియమాలు, న్యాయస్థానాల పనితీరు, అవినీతి నియంత్రణ అంటే అది సాంకేతిక విషయమవుతుంది. ఆ విధంగా పాలనలోని న్యాయం గురించిన ప్రశ్న పాలనలోని సామర్థ్యం గురించిన ప్రశ్నగా కుదించుకుపోయింది. 2000 జూన్‌లో ఐరోపా సమాఖ్య ఆఫ్రికా, కరేబియన్, పసిఫిక్ దేశాలతో కుదుర్చుకున్న కొటొనూ ఒప్పందం మానవ హక్కులనూ సుపరిపాలననూ రెండింటినీ స్వీకరించిన మాట నిజమే. కానీ రుణాలు, గ్రాంట్లు పంచే బల్లల మీద నడిచింది మాత్రం ఎక్కువగా సామర్థ్యపు లెక్కే.

ఆ లెక్క ఎలా ఉంటుందో చూడండి. పేద దేశాలకు తేలిక షరతులతో ధనం ఇచ్చే ప్రపంచ బ్యాంకు విభాగం ప్రతి దేశానికీ ఏటా మార్కులు వేస్తుంది. మొత్తం 16 అంశాలు. ఒక్కొక్క అంశానికి 1 నుంచి 6 దాకా మార్కులు. ఎక్కువ మార్కులు వచ్చిన దేశానికి ఎక్కువ వాటా. ద్రవ్యలోటు, వాణిజ్యం, ఆస్తి హక్కులు, బడ్జెట్ నిర్వహణ వంటి వాటితో పాటు సామాజిక సమ్మిళితం అన్న శీర్షిక కూడా ఆ పట్టికలో ఉన్నది. స్త్రీ పురుష సమానత్వం, సామాజిక భద్రత దాని కింద వస్తాయి. అయితే మతం వల్లనో జాతి వల్లనో ఒక సమూహాన్ని పౌరసత్వం నుంచే తొలగించిన ప్రభుత్వానికి ఎన్ని మార్కులు తగ్గించాలి అన్న ప్రశ్నకు విడిగా ఒక గడి లేదు.

ఈ మార్కుల పద్ధతికి అర్థశాస్త్రం నుంచి కూడా అండ దొరికింది. మంచి విధానాలున్న దేశాలలోనే సహాయం వల్ల వృద్ధి కలుగుతుందని 2000లో క్రెయిగ్ బర్న్‌సైడ్, డేవిడ్ డాలర్ ఒక పరిశోధనా వ్యాసంలో ప్రతిపాదించారు. ఈ ఆలోచనా ధోరణిలోనే 2004లో అమెరికా మిలీనియం చాలెంజ్ కార్పొరేషన్‌ను స్థాపించి, పాలనా సూచికలలో గట్టెక్కిన దేశాలకే దాని నిధులు ఇవ్వసాగింది. అదే 2004లో విలియం ఈస్టర్లీ, రాస్ లెవీన్, డేవిడ్ రూడ్‌మన్ పాత గణాంకాలకు కొత్త సంవత్సరాల గణాంకాలను చేర్చి చూడగా, ఆ మొదటి ఫలితం నిలబడలేదు. సుపరిపాలన అవసరం లేదని దీని అర్థం కాదు. దూరాన కూర్చుని మార్కులు వేసి, వాటిని బట్టి డబ్బు తూచి పంచితే చాలు, అభివృద్ధి దానంతట అదే వస్తుందన్న నమ్మకానికి పునాది బలహీనమని మాత్రమే అర్థం.

అయితే సుపరిపాలన నిజంగా పనిచేసిన చోటు లేదా? ఉన్నది. ఉగాండాలో 1990ల మొదటి సగంలో ప్రభుత్వం ప్రాథమిక పాఠశాలలకు ప్రతి విద్యార్థి లెక్కన కొంత గ్రాంటు విడుదల చేసేది. పద్దు పుస్తకాలలో అంతా సవ్యంగానే ఉండేది. రిత్వా రైనిక్కా, యాకోబ్ స్వెన్సన్ అనే పరిశోధకులు 250 పాఠశాలలకు వెళ్లి విచారించగా, 1991 నుంచి 1995 వరకు విడుదలైన సొమ్ములో సగటున 13 శాతం మాత్రమే బడికి చేరిందని తేలింది. చాలా బడులకు ఒక్క పైసా కూడా అందలేదు. తక్కిన సొమ్ము మధ్యలోని జిల్లా యంత్రాంగం దగ్గరే ఆగిపోయింది. ఆ తరువాత ఏ జిల్లాకు ఎంత సొమ్ము విడుదలైందో ప్రభుత్వం పత్రికలలో ప్రకటించసాగింది. అందిన మొత్తాన్ని బడి గోడ మీద రాయాలని ఆదేశించింది. 2001 నాటికి బడులకు చేరే సొమ్ము 80 శాతం దాటింది. ఈ మార్పుకు పత్రికా ప్రకటనలు ఒక్కటే కారణం కాదనీ, ఆ కాలంలో మరికొన్ని సంస్కరణలు కూడా జరిగాయనీ తరువాతి పరిశీలకులు గుర్తు చేశారు. ఆ సవరణను స్వీకరించినా ఒక విషయం మిగులుతుంది. కంపాలాలో దాతలకు సమర్పించిన నివేదికలు పట్టుకోలేని లోపం, బిడ్డను బడికి పంపే తల్లిదండ్రులకు అంకె తెలిసిన తరువాత దాగడం కష్టమైంది.

లెక్క పైకి పంపడానికీ కిందికి చెప్పడానికీ ఉన్న తేడా మన తెలుగు నేలకు కొత్తది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1990ల చివరలో ప్రపంచ బ్యాంకు నుంచి నేరుగా రాష్ట్ర స్థాయి సంస్కరణల రుణాలు పొందిన రాష్ట్రం. బ్రిటన్ ప్రభుత్వ సహాయమూ పెద్ద ఎత్తున వచ్చింది. సుపరిపాలన అన్న పేరుతోనే 2001లో హైదరాబాద్‌లో సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ ఏర్పడింది. కానీ అంతకు ముందు ఏడాదే విద్యుత్ సంస్కరణలలో భాగంగా చార్జీలు పెరిగినప్పుడు ఏమైందో మనకు గుర్తున్నది. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో నిరసనకారుల మీద జరిగిన పోలీసు కాల్పులలో ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. విద్యుత్ బోర్డు నష్టాలు నిజం, సంస్కరణ అవసరమూ నిజం. అయితే షరతులు రాసుకున్న బల్ల దగ్గర బిల్లు కట్టవలసినవారికి కుర్చీ లేదు. వారి అభిప్రాయం వీధిలో వినిపించింది, తరువాత 2004లో బ్యాలెట్ పెట్టెలో వినిపించింది.

అదే రాష్ట్రం కొద్ది సంవత్సరాలకే మరొక దారి కూడా చూపింది. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006లో మొదలైనప్పుడు, పని దినాల మస్టర్లను గ్రామసభలో బహిరంగంగా చదివి వినిపించే సామాజిక తనిఖీని దేశంలో అందరికన్నా ముందుగా వ్యవస్థగా నిలబెట్టింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. 2009లో అందుకోసం ప్రత్యేక సంస్థ కూడా ఏర్పడింది. చదవడం రాని కూలీ కూడా తన పేరున ఎన్ని రోజుల పని రాశారో విని, అందులో తాను చేయని రోజులు ఏవో నలుగురిలో చెప్పగలిగింది. అవినీతి అంతటితో అంతమైందని మేము అనడం లేదు. లెక్క ఎక్కడ చదవాలో ఆ చోట చదివారని మాత్రం అంటున్నాము.

ఇప్పటిదాకా చెప్పిన ఉదాహరణలలో ప్రజలు తమ పేరు ఉన్న లెక్కను అడిగారు. పేరే లేకుండా చేసిన చోట ఏం జరుగుతుంది? మయన్మార్ చరిత్ర దీనికి జవాబు చెబుతుంది. సహాయ విధానంలో సుపరిపాలన గురించి ఆలోచించే ప్రతి ఒక్కరూ ఈ అధ్యాయాన్ని శ్రద్ధగా చదవాలి.

2011లో మయన్మార్ సైనిక పాలకులు కొంత వెనక్కు తగ్గి, థీన్ సీన్ నాయకత్వంలో పౌర ప్రభుత్వం పేరిట సంస్కరణలు ప్రారంభించారు. దాత దేశాలు ఉత్సాహంగా తిరిగి వచ్చాయి. 2013 జనవరిలో పారిస్ క్లబ్ దేశాలు సుమారు 600 కోట్ల డాలర్ల బకాయిలు రద్దు చేశాయి. ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు రుణాలు పునరుద్ధరించాయి. కేంద్ర బ్యాంకు, బడ్జెట్, విదేశ మారక విధానం వంటి రంగాలలో సంస్కరణలు నిజంగానే జరిగాయి. అదే సమయంలో, 2012 జూన్‌లోనూ అక్టోబరులోనూ రఖైన్ రాష్ట్రంలో హింస చెలరేగి, సుమారు లక్షా 40 వేల మంది నిర్వాసితులయ్యారు. వారిలో అత్యధికులు రోహింగ్యా ముస్లింలు. వారిని శిబిరాలలో నిర్బంధించి, ఆసుపత్రికి వెళ్లడానికి కూడా అనుమతి అవసరమయ్యే స్థితిలో ఉంచారు. 1982 పౌరసత్వ చట్టం వారిని అంతకు ముందే దాదాపుగా దేశం లేనివారిని చేసింది.

2014లో ముప్పై ఏళ్ల తరువాత ఆ దేశంలో జనగణన జరిగింది. ఐక్యరాజ్య సమితి జనాభా నిధి సాంకేతిక సహాయం అందించింది. బ్రిటన్ మొదలైన దేశాలు ధనసహాయం చేశాయి. ఎవరు తమను ఏ పేరుతో చెప్పుకుంటే ఆ పేరు రాస్తామన్న హామీ మొదట ఉండేది. గణన మొదలయ్యే ముందు ప్రభుత్వం మాట మార్చి, రోహింగ్యా అని చెప్పుకునేవారిని నమోదు చేయబోమని ప్రకటించింది. గణకులు ఇంటి ముందు నిలబడి జాతి ఏమిటని అడిగారు. రోహింగ్యా అన్న జవాబు వినగానే తక్కిన ప్రశ్నలు అడగకుండా ముందుకు సాగిపోయారు. రఖైన్‌లో సుమారు 10 లక్షల 90 వేల మంది గణనలోకి రాలేదని ఆ జనగణన నివేదికే అంచనా వేసింది. గణన సాంకేతికంగా పూర్తయింది, పుస్తకాలు వెలువడ్డాయి, ప్రణాళికలకు కావలసిన అంకెలు చేతికి వచ్చాయి. పది లక్షల మంది మాత్రం అంకెలలో లేరు. మరుసటి ఏడాది వారి దగ్గర మిగిలిన తాత్కాలిక గుర్తింపు కార్డులు రద్దయ్యాయి. 2015 నవంబరు ఎన్నికలలో వారికి ఓటు లేదు.

2017 ఆగస్టు 25 తరువాత జరిగిన సైనిక చర్యలతో 7 లక్షలకు పైగా రోహింగ్యాలు సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌కు పారిపోయారు. ఆ అక్టోబరులో ప్రపంచ బ్యాంకు మయన్మార్‌కు ఇవ్వవలసిన 20 కోట్ల డాలర్ల రుణాన్ని నిలిపివేసింది. అప్పటికి గ్రామాలు కాలిపోయాయి.

ఆ సంవత్సరాలలో ఐక్యరాజ్య సమితి ఏం చేసిందో విచారించే బాధ్యతను గ్వాటెమాలా మాజీ విదేశాంగ మంత్రి గెర్ట్ రోసెంథాల్‌కు అప్పగించారు. 2019లో వెలువడిన ఆయన నివేదిక, వ్యవస్థాగతమైన వైఫల్యం జరిగిందని నిర్ధారించింది. అభివృద్ధి కార్యక్రమాల కోసం ప్రభుత్వంతో సఖ్యంగా మెలగాలన్న ఒక వర్గం, మానవ హక్కుల గురించి గట్టిగా మాట్లాడాలన్న మరొక వర్గం ఒకే సంస్థలో రెండు దిక్కులకు లాగాయనీ, ఉమ్మడి వ్యూహమే లేకపోయిందనీ అది వివరించింది. శ్రీలంక యుద్ధం చివరి దశలో ఐక్యరాజ్య సమితి వైఫల్యం మీద 2012లో జరిగిన విచారణ ఇటువంటి హెచ్చరికనే చేసింది. ఏడేళ్లలో రెండు నివేదికలు ఒకే మాట చెప్పవలసి రావడం మనల్ని ఆలోచింపజేయాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం సహజంగా వస్తుంది. అట్లయితే అన్యాయం చేసే ప్రభుత్వాలకు సహాయం ఆపివేయడమే మార్గమా? ఆ ప్రశ్నకు అఫ్ఘానిస్తాన్ కఠినమైన జవాబు ఇచ్చింది. 2021 ఆగస్టులో తాలిబాన్లు అధికారంలోకి వచ్చేనాటికి అక్కడి ప్రభుత్వ వ్యయంలో సుమారు నాలుగింట మూడు వంతులు విదేశీ గ్రాంట్లే. అవి ఒక్కసారిగా నిలిచిపోగానే మొదట జీతం ఆగింది ఉపాధ్యాయురాలికి, నర్సుకు. కాబూల్‌లో గద్దెనెక్కినవారి భోజనం ఆగలేదు. ఆ డిసెంబరులో ప్రపంచ బ్యాంకు అధీనంలోని నిధి నుంచి 28 కోట్ల డాలర్లను ప్రభుత్వానికి ఇవ్వకుండా యునిసెఫ్‌కూ ప్రపంచ ఆహార కార్యక్రమానికీ మళ్లించవలసి వచ్చింది. సహాయం ఆపడం అనే ఆయుధం తరచుగా గురి తప్పి బాధితునికే తగులుతుంది.

సహాయం కొనసాగిన చోట కూడా అందుకునేవారికి నోరు లేకపోతే ఏమవుతుందో బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శిబిరాలలో చూశాము. 2023లో నిధుల కొరత వల్ల అక్కడి శరణార్థులకు నెలకు మనిషికి 12 డాలర్లుగా ఉన్న ఆహార సహాయం మార్చిలో 10 డాలర్లకు, జూన్‌లో 8 డాలర్లకు తగ్గింది. కోత నిర్ణయమైన రాజధానులలో ఏ ఒక్కచోటా వారికి ఓటు లేదు.

సహాయం ఇవ్వాలా ఆపాలా అన్న రెండు దారుల మధ్యనే మన ఆలోచన చిక్కుకోనక్కరలేదు. ఏ మార్గంలో ఇవ్వాలి, ఎవరి ఎదుట లెక్క చెప్పాలి అన్న ప్రశ్నలు ఉన్నాయి. మన దేశం నుంచే దానికి ఒక ఆధారం ఉన్నది. నర్మదా లోయలో సర్దార్ సరోవర్ నిర్వాసితుల పోరాటం, 1992లో మోర్స్ కమిషన్ నివేదిక ప్రపంచ బ్యాంకును ఆ ప్రాజెక్టు నుంచి వైదొలగేలా చేశాయి. ఆ అనుభవం దోహదంతోనే 1993లో బ్యాంకులో తనిఖీ బృందం ఏర్పడింది. బ్యాంకు డబ్బుతో నడిచే ప్రాజెక్టు వల్ల నష్టపోయిన సామాన్యులు తమ ప్రభుత్వం అనుమతి లేకుండానే నేరుగా అక్కడ ఫిర్యాదు చేయవచ్చు. దాని అధికారాలు పరిమితమే. అయినా దాత నుంచి బాధితుని దాకా ఒక తలుపు తెరవవచ్చునని అది రుజువు చేసింది.

ఈ అనుభవాలన్నింటి నుంచి మేము మూడు కోరికలను మీ ముందు పెడుతున్నాము. మొదటిది, ఏ దేశపు పాలనను కొలిచినా అక్కడి అతి బలహీన మైనారిటీ స్థితిని విడిగా కొలవాలి. సగటు అంకె అన్యాయాన్ని కప్పివేస్తుంది. 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చేదాకా ఈ దేశంలో ముస్లింల విద్య, ఉద్యోగాల స్థితి మీద అంత సమగ్రమైన అంకెలు మన చేతిలో లేవన్న సంగతి మనం మరువరాదు. రెండవది, సహాయపు ప్రతి రూపాయి లెక్కనూ ఎవరి కోసం వచ్చిందో వారి ఊరిలో, వారి భాషలో ప్రకటించాలి. మూడవది, జనగణన, గుర్తింపు కార్డులు, ఓటర్ల జాబితా వంటి పనులకు సహాయం చేసేవారు అందులో ఎవరినీ తొలగించరాదన్న షరతును మొదటి రోజునే రాసుకోవాలి. ఆ షరతు ఉల్లంఘన జరిగిన రోజునే, లోకానికి తెలిసేటట్టు, ఆ పని నుంచి తప్పుకోవాలి.

ఈ కోరికలు పరాయి దేశాలకు మాత్రమే చెప్పవలసినవి కావు. భారతదేశం ఇప్పుడు దాత దేశం కూడా. 2012లో విదేశాంగ శాఖలో అభివృద్ధి భాగస్వామ్యానికి ప్రత్యేక విభాగం ఏర్పడింది. రఖైన్ తీరంలోని సిట్వే రేవును నిర్మించినది మన ధనమే. 2017 డిసెంబరులో రఖైన్ అభివృద్ధికి ఐదేళ్లలో 2 కోట్ల 50 లక్షల డాలర్లు ఇస్తామని మన ప్రభుత్వం ఒప్పందం చేసుకున్నది. తిరిగి వచ్చే శరణార్థుల కోసం కట్టించిన 250 ఇళ్లను 2019 జూలైలో మయన్మార్ ప్రభుత్వానికి అప్పగించింది. ఆ ఇళ్లలో ఉండవలసినవారికి పౌరసత్వం ఉన్నదా, ఊరు దాటే స్వేచ్ఛ ఉన్నదా అని అడిగే హక్కు పన్ను కట్టే పౌరులుగా మనకు ఉన్నది. ఆ రాష్ట్రం నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన కొన్ని వేల మంది ఈ హైదరాబాద్‌లోనే, బాలాపూర్ పరిసరాలలో గుడిసెలు వేసుకుని బతుకుతున్నారు. వారి బిడ్డకు బడిలో చోటు దొరుకుతుందా అన్నది కూడా సుపరిపాలన ప్రశ్నే. దానికి మార్కులు వేయవలసినవారు వాషింగ్టన్‌లో లేరు, ఈ నగరంలోనే ఉన్నారు.

పార్లమెంటు సభ్యులకు ఈ ప్రశ్నలు పంపుదాం. సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉన్నది, దరఖాస్తులు పెడదాం. ఎక్కడి నుంచి వచ్చిన సొమ్ము అయినా, ఎక్కడికి వెళ్లే సొమ్ము అయినా, లెక్కలో లేనివారి పక్షాన నిలబడి లెక్క అడుగుదాం.